సగం గీసుకున్న గడ్డం

ఫిబ్రవరి 4

వదినా,

చేరాను. కాళ్ళూ చేతులూ కళ్ళజోడూ అన్నీ ఉన్నాయి. "ఫోన్ చెయ్యకు, నా చెవులకి సగమే వినపడుతుంది, ఆ సగం కోసం నువ్వు అరిస్తే వీధి మొత్తం వింటుంది" అన్నావు కాబట్టి రాస్తున్నాను. నువ్వు అనకపోయినా ఇంతే. ఇక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుని అట్టపెట్టెలో పడేస్తారు. సాయంత్రానికి ఎవరిది ఎవరి చేతికొస్తుందో దేవుడికెరుక.

ఇది రేవు పక్కన మూతబడ్డ నూలు మిల్లు. యంత్రాలు పీకేసిన చోట మంచాలు వేశారు. నేలంతా నూనె మరకలు, ఎంత కడిగినా పోలేదట. పడవల మీద పారిపోయి వచ్చి, "మా దేశం వెళితే చంపేస్తారు, ఇక్కడ ఉండనివ్వండి" అని అడిగేవాళ్ళందరినీ ఇందులోనే ఉంచారు. ఒక్కొక్కరికీ విచారణ ఉంటుంది. ఉండనివ్వాలా, వెనక్కి పంపాలా అని ఒక ఆఫీసరు తేలుస్తాడు. ప్లీడరుని పెట్టుకునే స్థోమత ఎవరికీ లేదు. ప్రభుత్వం ఇవ్వదు. అందుకని నాలాంటి పని మానేసిన ప్లీడర్లం వచ్చి వాళ్ళ వాంగ్మూలాలు రాసి, విచారణలో పక్కన కూర్చుంటున్నాం. జీతం లేదు. టీ ఉంది, అదీ పేరుకే.

"అన్నదమ్ముల మధ్య గోడలు కట్టించి బతికినదానివి, నీకు దేశాల గొడవలెందుకే" అని నువ్వు అంటున్నది ఇక్కడికే వినపడుతోంది. అనుకో.

మా అందరికీ పెద్ద ఒకాయన. ఎండైనా వానైనా గొడుగు వదలడు కాబట్టి గొడుగాయన అంటున్నాం. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. వాళ్ళు చెబుతున్నప్పుడు రాయకూడదు. పెన్ను కనపడితే వాళ్ళకి పోలీసు స్టేషన్ గుర్తొచ్చి నోరు మూతపడుతుందట. అంతా విని, తర్వాత టీ గదిలోకి వెళ్ళి రాయాలి. పెన్ను లేకపోతే నాకు చెవులు కూడా లేనట్టే ఉంటుంది, ఏం చేస్తాం.

నాకు అప్పగించిన మనిషిని తాళాలావిడ అంటారు. భార్యాభర్తలు తాళంచెవులు చేసే షాపు నడిపేవారు. ఆవిడ భాష ఒక పడవ మెకానిక్కుకి తెలుసు, మెకానిక్కు భాష ఒక ముసలాయనకి తెలుసు, ముసలాయన భాష నాకు తెలుసు. కథ మూడు కుండలు మారి వస్తుంది. వాళ్ళ ఊరు తుపాకులవాళ్ళ చేతిలోకి పోయింది. వీధిలో కొన్ని ఇళ్ళకి మారు తాళంచెవులు చేసిమ్మని వాళ్ళు అడిగారు. తలుపు పగలగొడితే చప్పుడవుతుంది కదా. ఆవిడ భర్త చెయ్యనన్నాడు. ఒక ఉదయం ఇంటికొచ్చారు. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండోదాని మీద సబ్బు నురగ. భుజం మీద తువ్వాలు. "మొహం కడుక్కుని వస్తా" అన్నాడు. "వచ్చాక గీసుకుందువుగానిలే" అని తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి ఆవిడ దగ్గరికి వచ్చి, "నీకూ పని వచ్చుగా" అన్నారు. అప్పుడు పారిపోయింది.

రాస్తుంటే నా చెయ్యి ఆగలేదు వదినా. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు.

నీ వకీలమ్మ


ఫిబ్రవరి 13

అమ్మాయ్,

ఉత్తరం అందింది. పెళ్ళి జాకెట్లు కుట్టే రోజులు, మెడ ఎత్తడానికి లేదు. అయినా నీ ఉత్తరం మెషీను మీద పెట్టుకుని కుడుతూ చదువుతున్నా. ఆ గొడుగాయన సంగతికి నవ్వుకున్నా కూడా. గడ్డం దగ్గరికొచ్చేసరికి నా కాలు ఆగిపోయింది.

ఎవరి కథే అది? నాకు చెబుతున్నావా?

సగం గడ్డంతో, భుజం మీద తువ్వాలుతో వెళ్ళిన మనిషి ఎవరో నీకు తెలీదా? "వచ్చాక గీసుకుందువుగానిలే" అన్న మాట ఏ గుమ్మంలో పడిందో తెలీదా? నీ చిన్నప్పుడు మీ అన్నయ్యని తీసుకెళ్ళినప్పుడు మన తరపున ఒక్క ప్లీడరు రాలేదు. ఒక్క ముక్క ఎవరూ రాయలేదు. ఇన్నాళ్ళకి నువ్వు రాశావు. రాసి ఎవరికో ఇచ్చేశావు. నా మెషీను ఇచ్చెయ్, ఒంటి మీద బట్ట ఇచ్చెయ్, ఊరుకుంటా. ఆయన్ని అరువివ్వడానికి నువ్వెవరివే?

మంచిపని చేస్తున్నానని చంకలు గుద్దుకోకు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇవాళ ఇంకేం రాయను.

వదిన


ఫిబ్రవరి 20

వదినా,

నన్ను దొంగని చేశావు. సరే. నీ చేతి ముద్ద తిని పెరిగినదాన్ని, పడతాను. కానీ చెయ్యని దానికి పడను.

ఆ మాట ఆవిడే చెప్పింది. నా రెండు చెవులతో విన్నాను. రాశాక చదివి వినిపించాను, ముసలాయన మెకానిక్కుకి, మెకానిక్కు ఆవిడకి చెప్పారు, ఆవిడ తల ఊపింది, వేలిముద్ర వేసింది. కాగితం ఆఫీసులో ఇచ్చేశాం. లోకంలో గడ్డం గీసుకునేవాడు అన్నయ్య ఒక్కడేనా? తెల్లారితే మగాళ్ళందరూ చేసే పనేగా అది.

అయినా అన్నయ్య వెళ్ళింది అలా కాదే! నాకు బాగా గుర్తు. నీలం సంచి పట్టుకుని, గుమ్మంలో నా తల నిమిరి, "ఊరెళ్ళొస్తా" అన్నాడు. సమ్మె చేసినవాళ్ళని వెతుకుతున్నారని తప్పించుకుందామనుకున్నాడు, దారిలో పోలీసులు పట్టుకున్నారు, మళ్ళీ రాలేదు. అంతేగా? నువ్వే ఏదో కలిపేసుకుంటున్నావు. రోజంతా ఒక్కదానివే మెషీను చప్పుడులో ఉంటే ఎవరికైనా అంతే.

వాంగ్మూలం గొడుగాయన రెండుసార్లు చదివాడు. "ఆ నురగ సంగతి ఒక్కటి చాలమ్మా, ఆవిణ్ణి వెనక్కి పంపరు" అన్నాడు. విచారణ మార్చి పదహారున.

ఇక్కడ సముద్రపు గాలికి కీళ్ళు పట్టేస్తున్నాయి. నువ్వు చెప్పినట్టు మేజోళ్ళు వేసుకునే పడుకుంటున్నాను. కోపంలో కూడా నీ మాట వింటున్నాను చూడు.

నీ వకీలమ్మ


ఫిబ్రవరి 27

అమ్మాయ్,

నీలం సంచి ఎక్కడిదే?

సంచీ లేదు, తల నిమరడమూ లేదు. ఆ సంచి నా నోట్లోంచి పుట్టింది. ఎదురింటావిడ "ఏరి మీ ఆయన" అంటే "సంచి సర్దుకుని ఊరెళ్ళారు" అన్నాను. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి అదే చెప్పమన్నాను. బళ్ళో అడిగినా అదే, బజార్లో అడిగినా అదే. సమ్మెలోవాడి ఇల్లని తెలిస్తే నాకు గుడ్డముక్క కుట్టమని ఇచ్చేవాడు ఉండడు, నిన్ను బళ్ళో ఉంచరు. చెప్పగా చెప్పగా నీకది నిజమైపోయిందన్నమాట. నా పిచ్చితల్లీ.

ఆ ఉదయం నేను ఇంట్లో లేను, కుట్టు షాపులో ఉన్నా. ఇంట్లో ఉన్నది నువ్వూ ఆయనా. నువ్వు పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ, "వదినా, అన్నయ్యని తీసుకెళ్ళిపోయారు, సగం గడ్డం గీసుకోనేలేదు" అన్నావు. తువ్వాలు సంగతీ వాళ్ళన్న మాటా నువ్వే చెప్పావు. చూసిన కళ్ళు నీవి. నేను ఇన్నేళ్ళూ బతికింది నీ మాట పట్టుకుని. ఆ తర్వాత నువ్వు ఆ ఊసెత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతా, నవ్వకు. నీకు గుర్తులేదంటున్నావు. గుర్తులేనిది ఎలా రాస్తావు? మరి ఆవిడే చెప్పి ఉండాలి. ఒకే గడ్డం, ఒకే తువ్వాలు, ఒకే మాట ఇద్దరికి జరుగుతాయా? ఆయన తప్పించుకుని ఎటో వెళ్ళి ఉంటే? మీ అన్నయ్యకి తాళాల పని చేతకానిదేం కాదు, మన ఇంటి తాళం ఎన్నిసార్లు విప్పి బిగించాడు. మన దగ్గరికి రాలేక అక్కడే ఉండిపోయి, ఇంకో పెళ్ళి చేసుకుని, మళ్ళీ అదే రాత వెంటాడిందేమో. మతి పోయిందనుకుంటావు. పోనీ.

ఆవిణ్ణి అడుగు. ఆయన ఏ చెంప ముందు గీసుకునేవాడని. మీ అన్నయ్య ఎప్పుడూ ఎడమ చెంప ముందు. నాకా ఒక్క మాట రాయి. ఇంకేం వద్దు.

వదిన


మార్చి 8

వదినా,

అడిగాను. నువ్వు అడగమన్నావనే అడిగాను, లేకపోతే ఈ జన్మలో అడిగేదాన్ని కాదు.

ప్రశ్న ఇద్దర్ని దాటి వెళ్ళింది. ఆవిడ తెల్లబోయి నన్ను చూసింది. తర్వాత చెయ్యి ఎత్తి తన గుండెల మీద పెట్టి చూపించింది. ఆయన గడ్డం ఇక్కడిదాకా ఉండేదట. పెళ్ళికి ముందు నుంచీ ఉందట. కత్తెర తప్ప కత్తి తగిలి ఎరగదట.

"మరి చదివి వినిపించినప్పుడు కాదని ఎందుకనలేదమ్మా?" అన్నాను.

"మీరు చదువుకున్నవాళ్ళు. ఇక్కడి చట్టానికి అలా ఉండాలేమో అనుకున్నా" అంది.

ఏం జరిగిందో మళ్ళీ చెప్పమన్నాను. ఆయన టీ తాగుతున్నాడు. వాళ్ళు గుమ్మంలో నిలబడి, "అన్నా, ఒకసారి వచ్చి వెళ్ళు" అన్నారు. కప్పు కింద పెట్టి, చెప్పులేసుకుని, "షాపు చూసుకో, వచ్చేస్తా" అని వెళ్ళాడు. అంతేనా అంటే అంతే అంది.

నేను ఆవిడ నోటి నుంచి విన్నది ఇదే అయి ఉండాలి. విని, టీ గదికి నడిచేలోపు నాలోంచి అన్నయ్య లేచి వచ్చి కూర్చున్నాడు. నాకు తెలియకుండా రాశాడు. నువ్వన్నది నిజం, వదినా. ఆయన్ని నేనే ఇచ్చేశాను. నువ్వు ఆశపడ్డావు చూడు, అది నాకు ఇంకా కోతగా ఉంది. ఆ మనిషి అన్నయ్య కాదు. పొట్టివాడు, ఆవిడకంటే పొట్టి. నన్ను క్షమించు.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట మారిస్తే "అబద్ధాల మనిషి" అని మొత్తం కొట్టిపారేస్తారు, అక్కడికి పంపేస్తారు. పంపితే ఆవిడ చేత తాళంచెవులు చేయించి ఆ ఇళ్ళలో దూరతారు, చెయ్యనంటే ఆవిడ గతీ అంతే. మార్చకపోతే ఎవరికీ తెలియదు. మారుద్దామంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది. "ఉంచండి. మా ఆయన వెళ్ళినదాంట్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు. మీరు రాసింది వింటుంటే నాకే ఏడుపొచ్చింది" అంది.

ఏం చెయ్యమంటావో రాయి. త్వరగా రాయి.

నీ పిల్ల


మార్చి 13

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చేదాకా నేనేం చేస్తున్నానో తెలుసా? నేను చూడని ఒక సవతి మీద కుళ్ళుకుంటూ కూర్చున్నా. ఆవిడ చేసిపెడితే ఆయన తిన్నాడా, ఆవిడతో నవ్వాడా, నా ఊసు ఎప్పుడైనా ఎత్తాడా అని. సిగ్గు లేకపోతే సరి, ఈ వయసులో. అయినా ఆ నాలుగు రోజులూ ఆయన బతికే ఉన్నాడే. నా మీద అలిగి వెళ్ళిపోయినవాడిలా ఉన్నాడు. నీ ఉత్తరం చదివాక మళ్ళీ తీసుకెళ్ళిపోయినట్టయింది.

నిన్ను తిట్టను. నీ నోట్లో ఆ సంచి కుక్కింది నేను.

గడ్డం సంగతి తీసెయ్. మన మర్యాద కోసం కాదు. నేను అడిగిన ప్రశ్నే రేపు ఆ ఆఫీసరు అడిగితే ఆవిడ ఏం చెబుతుంది? కట్టుకున్నదానికే తెలిసే సంగతి అది.

వదిన


మార్చి 18

వదినా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. విచారణ మొన్ననే అయిపోయింది.

ఆవిడ బతిమాలిందని ఊరుకున్నాను. ఇంత బతుకూ కోర్టుల్లో బతికి, నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆఫీసరు చెడ్డవాడేం కాదు, జలుబుతో ఉన్నాడు, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నాడు. వాంగ్మూలం చదివి, తల ఎత్తకుండానే "ఏ చెంప?" అన్నాడు.

ప్రశ్న ఆవిడ దాకా వెళ్ళింది. ఆవిడ చెయ్యి ఒక చెంప మీదికి వెళ్ళింది, మళ్ళీ రెండోదాని మీదికి. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు చూడలేక లేచి నిలబడ్డాను. "అయ్యా, ఆ గడ్డం ఈవిడ ఇంటిది కాదు, మా ఇంటిది. మా అన్నయ్యది. తప్పు నాది" అన్నాను.

గొడుగాయన కళ్ళు మూసుకున్నాడు. నా గేటు పాసు లాగేసుకుని బయటికి పంపేశారు. సాయం చేద్దామని వచ్చి ఆవిణ్ణి ఆ గదిలో ఒంటరిని చేశాను. తర్వాత తనే చెప్పుకుందట, టీ కప్పు, చెప్పులు, వచ్చేస్తా అన్న మాట, అన్నీ ఉన్నదున్నట్టు.

కొట్టేశారు. కారణాలు రెండు రాశారు. కట్టుకథ చెప్పింది, అది బయటపడేసరికి పక్కన కూర్చున్నావిడ తన మీద వేసుకుంది, అని ఒకటి. రెండోది వింటే నీకు రక్తం మరుగుతుంది. భర్త చెప్పులు వేసుకుని, త్వరగా వస్తానని చెప్పి వెళ్ళాడు కాబట్టి, తన ఇష్టంతోనే వెళ్ళినట్టట.

నిజం చెప్పించి ముంచాను వదినా. ఇంకొక్క అప్పీలు ఉంది, ఏప్రిల్లో. గొడుగాయన నాతో మాట్లాడటం లేదు. నేను రోడ్డుకి ఇవతల టీ కొట్టులో కూర్చుని మిగతావాళ్ళ కాగితాలు రాసిస్తున్నాను. అన్నయ్యని గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటాను. ఇప్పుడు అన్నయ్య గుమ్మంలో వంగి చెప్పులు వేసుకుంటున్నాడు. గడ్డం ఇక్కడిదాకా ఉంది. ఎవరిది ఎవరిదో విడదీయలేకపోతున్నాను.

నీ పిల్ల


మార్చి 29

అమ్మాయ్,

ఏడుపు ఆపి చదువు.

నేను వస్తున్నా. టికెట్టు తీసుకున్నా. ఆ గడ్డం ఎవరి ఇంటిదో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే కదా. నేను చెబితే ఆవిడ అబద్ధం ఆడలేదని తేలుతుంది. నువ్వేమో ఆవిడ తరపున పక్కన కూర్చున్న మనిషివి, నీ మాట ఎవడు నమ్ముతాడు. ఆయన పెళ్ళాన్ని నేను.

చెప్పుల సంగతీ చెబుతా. ఎలా పిలుస్తారో ఆ ఆఫీసరుకి తెలీదు పాపం. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళతారనుకుంటున్నాడు. మీ అన్నయ్యతో మాట్లాడినవాడు కూడా నవ్వుతూనే మాట్లాడాడు, ఆ మాట నువ్వే చెప్పావు నాకు. గుమ్మంలో నలుగురు నిలబడి మర్యాదగా రమ్మంటే, లోపల పిల్లో పెళ్ళామో ఉంటే, మగాడు చెప్పులేసుకునే వెళతాడు. గొడవ లోపలికి రాకూడదని వెళతాడు. దాన్ని ఇష్టం అంటారా?

ఒక్కటే కష్టం నాకు. నిలబడగానే "మీ ఆయన ఏమయ్యారు" అని అడుగుతారు. ఊరెళ్ళారని వీధి వీధంతా చెప్పాను. ఎదురింటావిడ పోయేదాకా చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నా, లేకపోతే సవతి కథ ఎందుకల్లుతాను? ఇప్పుడు ఇదే నోటితో తీసుకెళ్ళి చంపేశారని అనాలి. నిన్న మెషీను ముందు కూర్చుని ఒకసారి పైకి అని చూశా. నోరు తిరిగింది. తర్వాత రోజంతా ఒక్క కుట్టూ వెయ్యలేకపోయా.

స్టేషనుకి రా. ఆలస్యంగా వచ్చావంటే నేను ఊరుకోను.

వదిన


మే 3

వదినా,

నువ్వు వెళ్ళిన తర్వాతి వారం తీర్పు వచ్చింది. ఉండనిచ్చారు. ఆవిణ్ణి వెనక్కి పంపరు.

అప్పీలులో నువ్వు మాట్లాడుతున్నప్పుడు ఆ పెద్దాఫీసరు రాయడం మానేసి విన్నాడు కదా. నీ మాట కాగితంలోకి ఎక్కదేమోనని భయపడ్డాను. ఎక్కింది. "సాక్షి భర్త" అని అన్నయ్య కూడా ఉన్నాడు, రెండు వాక్యాల్లో. గొడుగాయన ఆ పేజీ నాకు ఇచ్చి, టీ కూడా ఇప్పించాడు. అన్నయ్య ఊరెళ్ళలేదని తెలిశాక నీ షాపు ముందు ఎవరేమంటున్నారో రాయి. ఎవరైనా నోరు జారితే చెప్పు, వచ్చి దులిపేస్తాను.

తాళాలావిడ గేటు దాటి బయటికొచ్చి టీ కొట్టులో నా ఎదురుగా కూర్చుంది. తీర్పు చదివి వినిపించమంది. చదివాను. ముసలాయన మెకానిక్కుకి, మెకానిక్కు ఆవిడకి చెప్పారు. ఒక చోట ఆపి మళ్ళీ చదవమంది. "భర్త మరణించినట్టు భావించి" అన్న చోట.

"నేను ఆ మాట అనలేదే" అంది.

అనలేదు. ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, వదినా. ఆయన చనిపోయాడని అన్నది నువ్వూ నేనూ. నీ ఇంటి చావు చెప్పి ఆవిడ ఇంట్లోనూ చావు రాయించాం. అది లేకపోతే ఉండనిచ్చేవారు కాదు. ఇవన్నీ ఆవిడకి ఎలా చెప్పను?

టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెకానిక్కుతో చిన్నగా ఏదో అంది. అది ముసలాయన దాకా వచ్చేసరికి ఆయన నాకు చెప్పకుండా తల దించుకున్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. మా ఆయన వెతుక్కుంటూ వస్తే, ఈ కాగితం మీద నాతో ఉండనిస్తారా, అని అడుగుతోందట.

"ఉండనిస్తారు" అన్నాను.

ఈసారి తెలిసే అన్నాను.

నీ పిల్ల